గురవమ్మ గడప కింద ఏడుపు

చిత్తూరులో మిట్టవీధి చివరిల్లంటే, పొద్దు గూకినాక పాలమనిషి కూడా అటు పోడు. పెండ్లి కాకుండా సచ్చిన ఆడదొకతి ఆ గడప కింద ఏడుస్తా ఉండాదని పేరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినాక, వాననీళ్ళు పోయేదానికని ఆ వీధి కింద సొరంగం తవ్వడం మొదలుపెట్టినారు. ఆ పేరూ అప్పుడే పుట్టింది.

ఆ ఇల్లు మా చెల్లెలు గురవమ్మది. దాని కూతురు పంకజాక్షికి నెలలు నిండినాయి. మంత్రసాని తిరుమలమ్మ మాత్రం — "దెయ్యం పోతేనే నేను గడప తొక్కేది" అనేసింది.

కుళాయిలో నీళ్ళు సన్నగిల్లినాయి. తలుపులు బిగుసుకుపోతా ఉండాయి. గోడ నెర్రె ఇచ్చింది. మున్సిపాలిటీకి పోతే సొరంగం మేస్త్రీని అడగమన్నారు. మేస్త్రీని అడిగితే — "దెయ్యాలు మా కంట్రాక్టులో లేవప్పా!"

కడాకు భూతవైద్యుడు చెప్పినాడు: ఏడుపు వినపడేచోట ఇనుప మేకు దిగ్గొడితే దెయ్యం ఆడే కట్టుబడిపోతాదని. ఎవురు కొట్టేది? ధైర్యం గురించి వీధంతా ఉపన్యాసాలిచ్చిన పాపానికి... నేనే.

అమావాస్య రాత్రి. గడప ముందర నేలకి చెవి ఆనించినాను.

ఊఁ... ఊఁ... కుళ్ళికుళ్ళి ఏడుపు.

"కొట్టన్నా..." గుసగుసలాడింది గురవమ్మ.

"దీపం సరిగ్గా పట్టు. వణుకుతా ఉండేది నువ్వా, నేనా?"

"నువ్వే."

కండ్లు మూసుకోని సుత్తి ఎత్తినాను. ఒక దెబ్బ... ఇంకో దెబ్బ... నేల గబుక్కున కుంగింది. నడుందాకా దిగబడినాను! సల్లని చెయ్యేదో కాలు పట్టుకునింది. నేనేసిన కేకకి నిజం దెయ్యమైతే ఊరిడిసి పోయుండేది.

గురవమ్మ దీపం వంచి సూసింది.

చెయ్యి కాదు — నీళ్ళు.

కింద సొరంగం తవ్వేకొద్దీ పైన నేల కుంగి, దాంతోపాటు కుళాయి గొట్టమూ వంగి, సీసం పోసిన అతుకు విడిపోయింది. ఆ సందులోంచి నీళ్ళు వెక్కివెక్కి ఏడుస్తా, మన్నంతా సొరంగంలోకి ఈడ్చుకుపోతా ఉండాయి.

తెల్లారకముందే తిరుమలమ్మ ఇంటికి పరిగెత్తినాను. "దెయ్యం లేదమ్మా! ఇంటి కింద నేల డొల్ల, అంతే!"

"దెయ్యమైతే నిమ్మకాయ కోస్తేనన్నా లొంగుతాది. డొల్లనేలకి ఏం కోసేది? నేను రాను పో, అబ్బా!"

పంకజాక్షిని అదే వీధిలో కొంచెం పైనుండే మా ఇంటికి మార్చినాను. తిరుమలమ్మ వచ్చింది, బిడ్డ పుట్టింది. మేస్త్రీ మాత్రం గొట్టం అతికించకుండానే, సొరంగాన్ని మా ఇంటివైపు తవ్వుకుంటా వచ్చినాడు.

నిన్న రాత్రి బిడ్డ ఏడుపు విని లేచినాను. సూస్తే, బిడ్డ హాయిగా నిద్రపోతా ఉండాది...

ఏడుపు మా గడప కింద.

స్వామీ, ఇదన్నా దెయ్యమే అయ్యుండనీ!