చెంచయ్యగారి ఛార్జి లిస్టు

ప్రత్తిపాడు రోడ్డులో పాత పత్తి గోడౌను పైన ఓ ఆడిట్ ఆఫీసు ఉండేదట. ఆ మేడమీది రికార్డు గదికున్న చెడ్డపేరు ఊళ్లో శ్మశానానికి కూడా లేదు. పొద్దుగూకాక అక్కడ ఎవరో కాగితాలు తిప్పుతారని చెప్పుకునేవాళ్లు. మూడేళ్ల క్రితం ఆ గదిలోనే, ఆ కుర్చీలోనే, చేతిలో పెన్ను ఉండగానే పోయారు సీనియర్ ఆడిటర్ చెంచయ్యగారు. ఆ పోస్టు అప్పట్నించీ ఖాళీయే. ఎవడొస్తాడండీ చావడానికి!

ఆ ఆఫీసులో పనిచేసే రెబెకాకి పగటిపూట దెయ్యాలంటే లెక్కలేదు. ఆ పిల్ల బెంగంతా పెళ్లి గురించే. ఎల్లుండే పెళ్లి, లీవు ఇంకా రాలేదు. పదకొండుమంది ఉండాల్సిన ఆఫీసులో మిగిలింది ఇద్దరు — ఆఫీసరమ్మ కోటేశ్వరిగారూ, రెబెకానూ.

"నీ సీటు పనీ ఫైళ్లూ ఎవరు ఛార్జి తీసుకుంటారో వాళ్లచేత సంతకం పెట్టించుకు రా అమ్మా. అప్పుడే లీవు," అని తేల్చేశారు ఆవిడ.

ఎవరికి అప్పగించాలి? బీరువాకా?

చీకటి పడింది. కరెంటు పోయింది. ఫైళ్లన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకుందామని, ఛార్జి లిస్టు పట్టుకుని, ఫోను లైటు వేసుకుని మేడెక్కింది రెబెకా. కింద గోడౌన్లో ఇప్పుడు పత్తికి బదులు పెడుతున్న మిర్చి బస్తాల ఘాటు... ముక్కుపుటాలు అదిరాయి...

"హాచ్!"

"నూరేళ్లాయుష్షు," అన్నారు లోపల్నించి.

రెబెకా లైటు అటు తిప్పింది. కుర్చీలో — చెంచయ్యగారు! గోడ మీది ఫోటోలో ఉన్న అదే ముక్కు, అదే కళ్లజోడు. వెనకున్న బీరువా తాళం ఆయన చొక్కాలోంచి కనిపిస్తోంది...

"ప్రభువా..."

"అరవకమ్మా," గుసగుసగా అన్నారాయన. "ఛార్జి అప్పగించకుండా పోయాను. రిలీవింగ్ కాగితం లేకపోతే పైన జాయిన్ చేసుకోరట. మూడేళ్లుగా గేటు దగ్గరే నిలబెట్టారు. నా సీటు ఛార్జి నువ్వు తీసుకో తల్లీ..."

అప్పుడు పుట్టింది రెబెకాకి అసలు భయం. ఇంకో సీటా! ఇక పెళ్లి గోవిందా!

కానీ పెళ్లికూతురు బుర్ర మహా చురుకు. "అలాగేనండి... ముందు నాది మీరు తీసుకోండి. ఎనిమిది రోజులే. పెళ్లయి రాగానే మీది తీసుకుని మిమ్మల్ని పంపించేస్తాను."

చెంచయ్యగారు లిస్టు రెండుసార్లు చదివారు. "స్టాంపు ప్యాడ్ ఎండిపోయిందని రాయలేదేం?" అని సణిగి, అది రాయించి, అప్పుడు పెట్టారు సంతకం.

తెల్లారి కోటేశ్వరిగారు ఆ సంతకం చూశారు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఇది... చెంచయ్యగారి సంతకమే..."

"అవునండి. తీసుకున్నారండి."

ఆవిడ లీవు శాంక్షన్ చేసి ఇచ్చేశారు. ప్రాణం లేచొచ్చిన రెబెకా గుమ్మం దాకా పరుగెత్తింది.

"రెబెకా..." వెనకనుంచి గుసగుస.

వెనక్కి తిరిగింది. కోటేశ్వరిగారు సొరుగు అడుగునుంచి పసుప్పచ్చబడ్డ కాగితం ఒకటి లాగుతున్నారు. నాలుగేళ్ల కిందటి లీవు అప్లికేషన్... ఆవిడదే.

"ఆయన... నా సీటు కూడా చూసుకుంటారేమో... ఒక్కమాట అడిగిపెట్టవూ?"