నూట ఇరవై ఒకటో గడ్డ

"ఆ ఐస్‌క్రీమ్ డబ్బాలన్నీ బయట పెట్టించండి, ప్లీజ్! చాలా అర్జెంట్!"

శ్యామ్ తలెత్తి చూశాడు. లింగంపల్లి స్టేషన్ వెనక సందులో, జూలై వానలో, తన కోల్డ్ స్టోరేజ్ గేటుకు అడ్డంగా ఒక ఫ్రీజర్ వ్యాను ఆగి ఉంది. దాని పక్కన ఒక అమ్మాయి. రెయిన్‌కోటు తెచ్చుకుంది గానీ తను వేసుకోలేదు. వ్యాను తలుపు సందుల్లో వెచ్చటి గాలి దూరకుండా దాన్ని కుక్కి, తను మాత్రం నిలువునా తడుస్తోంది.

"ఎవరు మేడం మీరు? నా మాల్ నేనెందుకు బయట పెట్టాలె?"

"మా ల్యాబ్‌లో కోల్డ్ రూమ్ కంప్రెసర్ కాలిపోయింది. ఈ వ్యానులో కూడా చల్లదనం తగ్గిపోతోంది. ఇంకో గంట కన్నా ఆగదు. లోపల ఐస్ ఉంది."

"ఐసా?" శ్యామ్‌కు నవ్వాగలేదు. "ఐస్ కోసం గింత పరేషానా? కరిగితే కరగనియ్యున్రి. సందు చివర దుకాణంల మల్ల దొరుకుతది."

"ఇది దొరకదు. ఆరు వందల ఏళ్ల నాటిది."

"మరి ఎక్స్‌పైరీ డేట్ ఎప్పుడో దాటినట్టే గద!"

ఆ అమ్మాయి నవ్వలేదు. తడిసిన జుట్టు మొహం మీద నుంచి తోసుకుని, "రెండు నెలలు అంటార్కిటికాలో టెంటులో ఉండి తవ్వి తీశాం. నూట యాభై మీటర్ల లోతు దాకా. ఇది కరిగితే నన్ను మళ్లీ తవ్వమని ఎవరూ పంపరు" అంది.

శ్యామ్ ఏదో అనబోయేలోపే వాళ్ల నాన్న ఎల్లేశం గొడుగు కూడా లేకుండా బయటికొచ్చాడు. ఇరవై ఏళ్లు ఐస్ బండి తోసిన మనిషి. వ్యాను తలుపు జానెడు తెరిచి చెయ్యి లోపల పెట్టి, వెంటనే మూసేశాడు.

"గంట కాదు బిడ్డా, అర్ధగంట గూడ ఆగదు. అరే శ్యామూ, మాటలు బంద్ చెయ్. వెనిల్లా అంత రెండో రూముల వెయ్యి!"

ఆ తర్వాత అరగంట ఎవరికీ ఊపిరాడలేదు. గాజు గొట్టాల్లా మెరిసే మంచుగడ్డలు, ఒక్కొక్కటి మీటరు పొడవు, ప్లాస్టిక్ తొడుగుల్లో ఉన్నాయి. ఆ అమ్మాయి తొడుగు మీది నంబరు చదువుతుంటే, శ్యామ్ ఐస్‌క్రీమ్ ట్రేలలో వాటిని వరసగా పేర్చాడు. నూట యాభయ్యో గడ్డ లోపలికి చేరి, తలుపు మీది మీటరు మైనస్ ఇరవై రెండు చూపించాక, ఆమె అక్కడే నేల మీద కూలబడింది.

"నా పేరు జ్యోత్స్న. థాంక్స్ అండీ. కిరాయి ఎంతో చెప్తే మా ఆఫీసుకి..."

"గదంతా తర్వాత. ముందుగాల చాయ్ తాగు" అన్నాడు ఎల్లేశం.

*

హైటెక్ సిటీలో జ్యోత్స్న పనిచేసే పరిశోధన సంస్థ కొత్త కంప్రెసర్ రావడానికి ఎనిమిది వారాలు పడుతుందని చెప్పింది. దాంతో జ్యోత్స్న రోజూ పొద్దున్నే ఎమ్ఎమ్‌టీఎస్ లోకల్ రైలు ఎక్కి లింగంపల్లి రావడం మొదలుపెట్టింది. కోల్డ్ రూమ్ మూలలో బల్ల వేసుకుని, చిన్న రంపపు మిషన్‌తో ఒక్కో గడ్డ నుంచి సన్నటి పట్టీ కోసి, సీసాల్లో సర్ది, మధ్యాహ్నం ల్యాబ్‌కి పట్టుకెళ్లేది.

శ్యామ్‌కు కూడా ఆ రోజుల్లో కోల్డ్ రూమ్‌లో పని బాగా పెరిగింది. వెనిల్లా లెక్క చూడాలి. మ్యాంగో లెక్క చూడాలి. నిన్న చూసిన వెనిల్లా మళ్లీ చూడాలి.

"ఆ డబ్బాల్ని పొద్దున్నించి నాలుగుసార్లు లెక్కపెట్టారు" అంది జ్యోత్స్న ఒకరోజు, రంపం ఆపి. "రోజురోజుకీ పెరుగుతున్నాయా?"

శ్యామ్ దొరికిపోయాడు. "అది కాదు మేడం... ఒక డౌటు. గీ గడ్డల మీకు ఏం కనిపిస్తది?"

ఆమె కళ్లు వెలిగాయి. ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. "అక్కడ పడిన మంచు కరగదు. ఒక ఏడాది మంచు మీద ఇంకో ఏడాది మంచు పడి, కిందిది గట్టిపడుతుంది. మధ్యలో చిక్కుకున్న గాలి బుడగల్లో ఉండిపోతుంది. ఈ మంచులో బరువైన ఆక్సిజన్ ఎంత, తేలికైనది ఎంత అని కొలిస్తే, ఆ కాలంలో చలి ఎంతుందో తెలిసిపోతుంది. ఎక్కడో అగ్నిపర్వతం పేలితే దాని బూడిద కూడా ఇక్కడ గీతలా కనిపిస్తుంది."

"అంటే, ఎండాకాలం, చలికాలం అన్నీ వచ్చి హాజరు వేసుకొని పోయినయన్నట్టు."

జ్యోత్స్న అతన్ని కొత్తగా చూసింది. "మా సెమినార్‌లో ఈ ముక్క వాడుకుంటా. మీ పేరు చెప్పను."

ఇద్దరూ నవ్వారు. నోళ్లలోంచి తెల్లగా ఆవిరి వచ్చి మధ్యలో కలిసిపోయింది.

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. రైళ్లు ఆలస్యం. పరీక్షకు పనికిరాని గడ్డ అంచు చెక్కు, డ్రిల్ తగిలి మైలపడినది, జ్యోత్స్న ఒక స్టీలు గ్లాసులో నీళ్లు పోసి అందులో వేసింది. "చెవి పెట్టి వినండి."

శ్యామ్ వంగాడు. గ్లాసులో సన్నగా చిటపటమంది. పోపులో ఆవాలు వేగుతున్నట్టు, కానీ చాలా దూరంగా.

"ఏంది మేడం ఇది?"

"బుడగలు పగులుతున్నాయి. ఆరు వందల ఏళ్ల కింద లోపల ఇరుక్కున్న గాలి, ఇప్పుడు లింగంపల్లిలో బయటికొస్తోంది." తను కూడా వినాలని వంగింది. ఇద్దరి తలలూ టప్పున కొట్టుకున్నాయి.

"ఇంకోసారి కొట్టుండ్రి మేడం, ఒకసారే తాకితే కొమ్ములొస్తయంట."

ఆమె నిజంగానే మళ్లీ కొట్టింది, మెల్లగా. ఆ తర్వాత ఇద్దరూ గ్లాసులోకే చూస్తూ కూర్చున్నారు. బయట వాన మాత్రం ఆగకుండా మాట్లాడుతూనే ఉంది.

*

ఆరో వారంలో జ్యోత్స్న లాప్‌టాప్ పట్టుకుని మెరుపులా వచ్చింది. గేటు దగ్గర లోడింగ్ వాళ్లతో ఉన్న శ్యామ్ ముందు దాన్ని తెరిచింది. తెర మీద, ఆ గడ్డల నుంచి లెక్కగట్టిన ఉష్ణోగ్రతల గీత. సాఫీగా దిగుతూ వచ్చి, ఒకచోట ధబేలున పడి, ఇంకొంచెం ముందుకెళ్లాక ఎగిరి లేచింది.

"నూట ఇరవై ఒకటి, నూట ఇరవై ఏడు. ఈ రెండూ తారుమారయ్యాయి. ఆ రోజు ట్రేలలో పెట్టింది మీరే కదా?"

"నేనే. కానీ మీరు చెప్పిన నంబరు ప్రకారమే..."

"వచ్చేవారం అందరి ముందూ రిజల్ట్ చూపించాలి. ఏది ఎక్కడిదో తేలకపోతే మొత్తం గీతని ఎవరూ నమ్మరు. ఇది మీ కుల్ఫీ కాదు శ్యామ్ గారూ, ఎటు పెట్టినా అమ్ముడుపోవడానికి!"

లోడింగ్ వాళ్లు తలలు దించుకున్నారు. శ్యామ్ కోల్డ్ రూమ్ రెండో తాళంచెవి ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

మరుసటి రోజు ఆమె రాలేదు. ఆ రోజంతా శ్యామ్ వెనిల్లాను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. రెండోరోజు పొద్దున్నే జాకెట్టు తగిలించుకుని కోల్డ్ రూమ్‌లోకి వెళ్లి, ఆ ట్రేల పక్కన కూర్చున్నాడు. కాళ్లు తిమ్మిరెక్కితే బయటికొచ్చి చాయ్ తాగి, మళ్లీ లోపలికి. అతని తల్లి సక్కుబాయి రెండుసార్లు తిట్టి, మూడోసారి ఉన్ని టోపీ తెచ్చి నెత్తిన పెట్టింది.

పదకొండింటికి జ్యోత్స్నకు ఫోన్ చేశాడు. "ఒకసారి రాండ్రి మేడం. తిట్టెటందుకైనా సరే, రాండ్రి."

ఆమె వచ్చింది. రెండు రోజులుగా తిండీ నిద్రా లేనట్టు మొహం పీక్కుపోయి ఉంది.

"నేనేం ముట్టుకోలే. కండ్లతోనే చూసిన" అన్నాడు శ్యామ్. "నూట ఇరవయ్యో గడ్డ కింది కొస ఏటవాలుగ ఇరిగి ఉన్నది. దాని కిందనే ఉన్నది నూట ఇరవై ఒకటైతే, దాని పై కొస గూడ అట్లనే ఉండాలె గద? కానీ అది సాపుగ ఉన్నది. ఇగ, నూట ఇరవై ఏడు అని మీరు చదివినదాని పై కొస చూడున్రి."

జ్యోత్స్న చేతి తొడుగులు వేసుకుని రెండు గడ్డల్నీ జాగ్రత్తగా దగ్గరికి జరిపింది. విరిగిన గాజు ముక్కలు కలిసినట్టు, ఏటవాలు కొసలు రెండూ సందు లేకుండా అతుక్కున్నాయి.

ఆమె తొడుగు మీది నంబరు వైపు వంగింది. తన చేతిరాతే. అంటార్కిటికాలో టెంటు బయట గాలి కోస్తుంటే, వేళ్లకు స్పర్శ లేక, ఒకటి అంకెకు పొడుగ్గా కొక్కెం పెట్టింది. అది అచ్చం ఏడులా ఉంది. ఏడును నిటారుగా గీసింది. అది ఒకటిలా ఉంది.

"ఇక్కడ నంబర్లు చదివింది నేనే" అంది మెల్లగా. "వానలో, హడావుడిలో..."

"పోనియ్యున్రి మేడం."

"పోనివ్వను." ఆమె తలుపు తోసుకుని బయటికెళ్లింది. లోడింగ్ వాళ్లనూ, ఎల్లేశాన్నీ, సక్కుబాయినీ పిలిచింది. "మొన్న మీ అందరి ముందూ శ్యామ్ గారిని తప్పుపట్టాను. తప్పు నాది. నా రాత నేనే సరిగ్గా చదవలేదు. సారీ."

ఎల్లేశం గంభీరంగా తల ఊపాడు. "మంచిది బిడ్డా. మరి అన్నం తిన్నవా?"

తినలేదని ఆమె మొహమే చెప్పింది. సక్కుబాయి ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్న ఇంట్లోకి లాక్కెళ్లింది.

అన్నం తిన్నాక జ్యోత్స్న లాప్‌టాప్‌లో ఆ రెండు నంబర్లూ మార్చింది. గీత ఒక్కసారిగా సర్దుకుంది. చలి పెరిగిన ఆ వందేళ్లూ ఒకే వాలుగా, నున్నగా దిగాయి. ఆమె "వచ్చేసింది!" అని అరిచి, శ్యామ్ జాకెట్టు రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేసింది. తిరగడం ఆగాక కూడా ఆ చేతులు వదిలిపెట్టాలని ఇద్దరికీ కాసేపు గుర్తురాలేదు.

*

సెప్టెంబరులో కంప్రెసర్ వచ్చింది. నూట యాభై గడ్డలూ ల్యాబ్‌కి వెళ్లిపోయాయి. ఖాళీ అయిన మూలలో శ్యామ్ ఏమీ పెట్టించలేదు.

జ్యోత్స్న రిజల్ట్ అందరికీ నచ్చింది. నవంబరులో బయల్దేరే కొత్త బృందంలో ఆమెకు చోటు దొరికింది. ఆ సంగతి ఫోన్‌లో చెప్పి, "ఇంకోటి" అంది. "ఆదివారం మా నాన్న మీ ఇంటికొస్తున్నారు. పెళ్లి విషయం. అందరూ ఇంట్లో ఉండండి."

శ్యామ్ గుండె మైనస్ ఇరవై రెండుకు దిగింది. జ్యోత్స్న వాళ్ల నాన్న నారాయణప్పది అనంతపురం. కోకాపేటలో ఫ్లాట్ల వ్యాపారం. ఏ టవర్లోనో ఉండే అబ్బాయిని చూసి ఉంటాడు. శుభలేఖ ఇవ్వడానికి వస్తున్నారన్నమాట. "మంచిది మేడం" అన్నాడు, వీలైనంత సంతోషంగా.

ఆదివారం పొద్దున పది గంటలకు నారాయణప్ప వచ్చాడు. తెల్ల చొక్కా, గుబురు మీసం. ముందు కోల్డ్ రూమ్ చూపించమన్నాడు. లోపలికి వెళ్లినంత వేగంగా బయటికొచ్చి చేతులు రుద్దుకున్నాడు.

"అబ్బబ్బా! మా పాప దినామూ ఈ చలిలోనేనా పని చేసింది?"

"అవున్సార్. జాకెట్ ఇచ్చినం."

నారాయణప్ప కుర్చీలో కూర్చుని అతన్ని ఎగాదిగా చూశాడు. జ్యోత్స్న పక్కనే తల దించుకుని ఉంది. ఏడుస్తోందో, నవ్వు ఆపుకుంటోందో తెలియడం లేదు.

"చూడప్పా, పాప నవంబర్లో పోతే మార్చి దాకా రాదు. తెలుసునా నీకు?"

"తెలుసు సార్."

"ఫోను గూడా సరిగ్గా ఉండదంట."

"తెలుసు సార్."

"పెండ్లయినాక గూడా, పిలిస్తే మళ్లా పోతానంటాండాది. అదీ ముందే చెప్పాలంట. అట్లాంటి పిల్లను యాడయినా ఆపగలమా?"

శ్యామ్‌కు ఇక ఊరుకోబుద్ధి కాలేదు. "ఎందుకు ఆపాలె సార్? గంత తెలివైన మనిషిని ఇంట్ల కూసోబెడతరా? ఆ పిలగాడు వద్దన్నడా? వద్దంటే నంబర్ నాకియ్యున్రి. నేను మాట్లాడత వానితోని!"

నారాయణప్ప మీసం కదిలింది. భుజాలు కదిలాయి. కుర్చీ కూడా కదిలేలా నవ్వాడు.

"ఏం మాట్లాడతావప్పా వానితో? ఆ పిల్లోడు నువ్వే గదా!"

శ్యామ్ నోరు తెరిచి నిలబడ్డాడు. సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎల్లేశం మాత్రం తనకు ముందే తెలిసినట్టు గోడ వైపు చూస్తున్నాడు.

"మేడం... నన్ను అడగనే లేదు గద?"

జ్యోత్స్న తలెత్తింది. బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. "మీ అమ్మకి చెప్పాను. మీ నాన్నకి చెప్పాను. మా నాన్నని ఒప్పించాను. మీ దగ్గరికొచ్చేసరికే ధైర్యం చాల్లేదు. ఇప్పుడు అడుగుతున్నా. మార్చిలో నేను తిరిగొచ్చాక, నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"జర ఆగున్రి" అన్నాడు శ్యామ్.

అని గబగబా కోల్డ్ రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నారాయణప్ప నవ్వు ఆగిపోయింది. నిమిషం గడిచింది. ఇంకో నిమిషం. లోపల ఏదో ట్రే దబ్బున పడిన చప్పుడు.

తలుపు తెరుచుకుంది. శ్యామ్ రొప్పుతూ బయటికొచ్చాడు. మీసాల మీద సన్నటి తెల్లటి మంచుపొడి.

"చేసుకుంట" అన్నాడు.

"దానికి రెండు నిమిషాలు ఆలోచించాలా?" జ్యోత్స్న కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు.

"ఆలోచన కాదు జ్యోత్స్నా. పెద్దలున్నరు గద, ఈడ బాగుండదు. లోపలికి పోయి ఖుషీతోని జర ఎగిరి దుంకొచ్చిన."