బాపు రేపొస్తడు

"మీ బాపు ఏడి?" పోలీసు గద్దించాడు.

"ఎడ్ల బేరానికి అంగడికి పోయిండు సార్," అంది కనకలక్ష్మి, కన్నైనా ఆర్పకుండా.

బాపు అంగడికి పోలేదు. దొరల మీద పోరాడే సంఘంలో కలిసి ఆరు నెలల కింద అడవికి పోయాడు. ఎక్కడున్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. పోలీసులు ఇల్లంతా గాలించి వెళ్లిపోయారు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా," అని అమ్మ కూతురి నెత్తి నిమిరి, పొలానికి బయలుదేరింది.

ఆ రోజుల్లో దంతాలపల్లి చుట్టుపక్కల చాలామంది పిల్లలకి అఆల కంటే ముందు ఇలాంటి అబద్ధాలే వచ్చేవి. పదేళ్ల కనకలక్ష్మి అందులో ఊరంతటికీ ఫస్టు.

తాత ముత్తయ్య మంచాన పడి నెల దాటింది. వాకిలి కనబడేట్టు మంచం వేయించుకున్నాడు. రోజూ ఒకటే మాట.

"నీ బాపు ఇయ్యాల వస్తడా బిడ్డా?"

"రేపొస్తడు తాతా. కబురు పంపిండు."

కబురూ లేదు, కాకరకాయా లేదు. కానీ ఆ మాటతో తాత మొహం వెలిగేది కదా! పోలీసుకి చెబితే మంచిదైన అబద్ధం, తాతకి చెబితే చెడ్డదెలా అవుతుంది?

ఆ మధ్యాహ్నం దవాఖాన నుంచి సారమ్మ నర్సు వచ్చింది. మూడు మైళ్లు ఎండలో నడిచి వచ్చినా కూర్చోలేదు. సబ్బుతో చేతులు కడుక్కుని, తాతని మెల్లగా పక్కకి తిప్పింది. వీపు మీది పుండు వాసనకి కనకలక్ష్మి ముక్కు మూసుకుంది. నర్సు మాత్రం పసిబిడ్డకి స్నానం చేయిస్తున్నట్టు ఆ పుండు కడిగి, మందు రాసి, శుభ్రమైన గుడ్డ కట్టింది. తడిగుడ్డతో పెదవులు తడిపింది. తర్వాత తీరిగ్గా గోళ్లు తీసింది. మంచం దిగలేని ముసలాయనకి గోళ్లు కూడా తీస్తారా? కనకలక్ష్మి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"నర్సమ్మా, నేను బతుకుతనా?" అని అడిగాడు తాత.

కనకలక్ష్మి నర్సు వైపు చూసింది. ఎవరిని అడిగినా "నీకేంది, నూరేండ్లుంటవ్" అనేవాళ్లు.

సారమ్మ తాత చేయి పట్టుకుంది. "లేదు పెద్దయ్యా. ఇంక నాలుగైదు దినాలు. నొప్పి తెల్వకుంట నేను చూస్త. రోజూ వస్త."

తాత ఏడవలేదు. బిగబట్టిన ఊపిరి వదిలాడు. "ఇంత సక్కగ ఎవ్వలు చెప్పలే," అన్నాడు. అంత పెద్ద నిజాన్ని అంత మెత్తగా చెప్పొచ్చని కనకలక్ష్మికి అప్పటిదాకా తెలియదు.

బయటికొచ్చాక నర్సు అడిగింది. "తాత కండ్లు గంత ఎర్రగున్నయేంది? పండుకుంటలేడా?"

"లేదక్కా. బాపు వస్తే తెల్వదని మేల్కొనే ఉంటడు. రేపొస్తడని నేనే..."

సారమ్మ తిట్టలేదు. "నిద్ర లేకుంటే నొప్పి ఎక్కువైతది బిడ్డా," అని మాత్రం అంది. సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది.

కనకలక్ష్మి లోపలికి నడిచింది. పోలీసు ముందు కన్నార్పని పిల్ల ఇప్పుడు తల దించుకుంది.

"తాతా, నేను అబద్ధమాడిన. కబురేం రాలే. బాపు ఎప్పుడొస్తడో ఎవ్వలకు తెల్వదు."

తాత వాకిలి వైపు చూస్తూ ఉండిపోయాడు. కంట్లోంచి నీళ్లు చెవి మీదికి జారాయి. అక్కడి నుంచి పారిపోవాలనిపించింది కనకలక్ష్మికి. పోలేదు. నర్సు పట్టుకున్నట్టే ఆ చేయి పట్టుకుంది.

"బాపు వచ్చినంక ఏం చెప్పమంటవ్ తాతా? నాకు చెప్పు."

తాత ఆలోచించాడు. "కర్రెద్దును నాగలికి గట్టొద్దను. ముసలిదైంది. ఊరికెనే మేపమను."

"ఇంకా?"

"ఎదురు సూసిన అని చెప్పు. మస్తు సూసిన. నాకేం కోపం లేదను."

"చెప్త తాతా."

"గట్లయితే జర పండుకుంట."

"పండుకో. నేనీడనే ఉంట."

కాసేపటికి గురక వినిపించింది. పొద్దు వాలాక అమ్మ పొలం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. కనకలక్ష్మి నోటి మీద వేలు పెట్టి, మాట్లాడొద్దని సైగ చేసింది. రెండో చేతిలో తాత చేయి అలాగే ఉంది. కర్రెద్దు మాట, కోపం లేదన్న మాట మరిచిపోకుండా తనలో తనే మళ్లీ మళ్లీ అప్పజెప్పుకుంటూ కూర్చుంది.