గ్రోవువీక్ ఏడో టేపు

"నా ఏడో టేపు ఎవరో ఎత్తుకెళ్లారు!" అంటూ సోల్రున్ టీచర్ తలుపు తోసుకుని వచ్చింది. సెలవులు గడపడానికి రాజధాని రెక్యావిక్ నుంచి వచ్చిన డిటెక్టివ్ హెర్డిస్ కాఫీ కప్పు పక్కన పెట్టేసింది.

ఆ మధ్యాహ్నమే జాలర్ల ఊరు గ్రోవువీక్‌ను పక్క పట్నంలో కలిపే సమావేశం. ఊరి పేరు ఎలా వచ్చిందో రుజువు చూపిస్తేనే పేరు నిలుస్తుంది. ఆ రుజువు ముసలివాళ్ల మాటలు టీచర్ రికార్డు చేసిన పన్నెండు టేపుల్లో ఉంది. ఊరి పేరులోని గ్రోవా ఎవరో తెలిసి చెప్పింది మాత్రం ఏడో టేపులో స్వావా ఒక్కతే. ఆవిడ పోయి ఆరేళ్లు. భర్త న్యాల్ ఈ వయసులోనూ ఒంటరిగా పడవ నడుపుకుంటున్నాడు.

టీచర్ గుమ్మం ముందు బురద బూట్ల గుర్తులు రెండు, బుద్ధిగా పక్కపక్కన. లోపల చుక్క బురద లేదు. బూట్ల అరమీద ఉన్ని చేతితొడుగు ఒకటి పడి ఉంది. అరచేయి అరిగితే తిప్పి వేసుకునేందుకు రెండు బొటనవేళ్లు పెట్టి అల్లిన, పడవవాళ్ల తొడుగు. దాని చిరుగును ఎవరో వల ముడులతో కుట్టారు.

"బ్రాగి పనే! ఊళ్లు కలిపేయాలని ఎగురుతున్నది ఆయనేగా" అన్నాడు హెర్డిస్ వెంట వచ్చిన అసిస్టెంట్ కౌరి.

"బ్రాగి పడవెక్కితే కక్కుకుంటాడు. ఆయనకి ఈ తొడుగెందుకోయ్?" అంది హెర్డిస్.

మధ్యాహ్నం బడి హాల్లో అందరూ చేరారు. అధ్యక్షుడి కుర్చీలో బ్రాగి. హెర్డిస్ లేచింది.

"దొంగతనానికొచ్చి కూడా బూట్లు విప్పాడంటే ఈయన టీచరమ్మ మీద పగతో రాలేదు. ఉన్ని చిరుగును వలలా కుట్టుకున్నాడంటే ఇంట్లో కుట్టిపెట్టే మనిషి లేదు. న్యాల్ బాబాయ్, నీ రెండో తొడుగేదీ?"

ముసలాయన కోటు లోపలి జేబులోంచి టేపు తీశాడు.

"పేరు పోగొట్టాలని కాదమ్మా. రుజువని టేపును పట్నంవాళ్లు పట్టుకుపోతారన్నారు. మా ఆవిడ గొంతు నాకింకెక్కడా లేదు."

"అడిగితే నేనే వినిపించేదాన్నిగా, పిచ్చివాడా!" అంది టీచర్.

"అడిగితే ఏడ్చేస్తానని భయమేసింది."

టీచర్ టేపు పెట్టింది. స్వావా గొంతు హాలంతా నిండింది.

"చీకటి పడగానే గ్రోవా లాంతరు పట్టుకుని కొండకొమ్మున నిలబడేదిట. ఆఖరి పడవ వచ్చేదాకా కదిలేది కాదుట. అందుకే జాలర్లు దీన్ని గ్రోవువీక్, అంటే గ్రోవా రేవన్నారు. ఇక ఆపవే సోల్రున్, అదిగో మా ఆయన పడవ! సూప్ వెచ్చబెట్టాలి."

న్యాల్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. బ్రాగి తన ముందున్న తీర్మానం కాగితం మీద పట్నం పేరు కొట్టేసి, గ్రోవువీక్ అని రాశాడు.

"ఇంకోసారి వేయండి టీచర్‌గారూ," అన్నాడు. "ఆ సూప్ మాట దగ్గర్నుంచి."