హేమలత ఎర్ర కారు

పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు టీలు తాగి గ్లాసులు కింద పెట్టారు. పిల్లవాడికి ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగం, పేరు శ్రీధర్. నెమ్మదస్తుడు. ఇక మంచిరోజు మాట ఎత్తుతారని సక్రి గుమ్మం దగ్గర ఆశగా నిలబడి ఉన్న సమయంలోనే, పెళ్లికొడుకు అక్క లేచి వచ్చి తన ఫోను ఆమె చేతిలో పెట్టింది.

ఫోనులో ఒక చిన్న ఎర్ర కారు... టైర్లు కీచుమంటుండగా మలుపు తిరిగి, ముందున్న పెద్ద కారును దాటి దూసుకుపోతోంది. కాసేపటికి అది ఆగింది. అందులోంచి దిగిన మనిషి తలకున్న హెల్మెట్ తీసింది. చెమటకు నుదుటికి అతుక్కున్న జుట్టు, ముఖమంతా నవ్వు... హేమలత! తన కడుపున పుట్టిన బిడ్డ!

"ఈ పిల్ల మీ హేమలతే కదా అత్తమ్మా?" అని ఆమె మెల్లగా అడిగింది.

సక్రి తల ఊపి ఫోను తిరిగి ఇచ్చేసింది. హేమలత అశ్వారావుపేటలో పామాయిల్ మిల్లులో ఇంజినీరు. మిషన్ల బాగోగులు చూస్తుంది. ఆ ఎర్ర కారు డ్యూటీకి పోయిరావడానికే కొన్నదనుకుంది సక్రి. ఏడాదికి రెండుసార్లు ట్రైనింగ్ అని చెప్పి చెన్నై పోయి వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు తల్లికి ఒక చీర తెస్తుంది. ఆ చీరలు కట్టుకుని, మా బిడ్డ ట్రైనింగ్‌కు పోయి తెచ్చిందని తండా అంతా చెప్పుకుంది సక్రి. మరి ఇన్నేళ్లుగా ఆ ట్రైనింగ్ ఇదా...

వచ్చినవాళ్లు మర్యాదస్తులే. గొంతు పెంచలేదు. పిల్ల నచ్చిందని, అబ్బాయికీ ఇష్టమేనని చెప్పారు. కాని ఆడపిల్ల రేసు కార్లు నడిపితే నలుగురిలో తల ఎత్తుకోలేమనీ, ఆ కారు అమ్మేసి ఇవన్నీ మానుకుంటే కబురు చేయమనీ చెప్పి వెళ్లిపోయారు.

ఇల్లు ఖాళీ అయ్యాక తల్లీకూతుళ్లు ఎదురెదురుగా మిగిలారు. అబద్ధం చెప్పినందుకు హేమలత తల దించుకుంది. తాను కారు నడిపే చెన్నై రేసు ట్రాక్ మామూలు రోడ్డు కాదనీ, ఎదురుగా బండి రాదనీ, మనిషి అడ్డం రాడనీ, చుట్టూ టైర్ల గోడలు, అంబులెన్సు, అన్నీ ఉంటాయనీ చెప్పబోయింది. ఒక్క మాటా సక్రి చెవికెక్కలేదు. ఆమె చూపు గోడ మీది ఫోటో దగ్గర ఆగిపోయింది. కిరాయి జీపు పక్కన నిలబడి నవ్వుతున్న భర్త రామ్‌సింగ్... తొమ్మిదేళ్ల కింద, భద్రాచలంలో మనుషులను దించి ఒంటరిగా తిరిగి వస్తూ ఇల్లెందు దగ్గర అడవి దిగుడులో ఆ జీపుతోనే పోయాడు. అతివేగం వల్లేనని పేపర్లో రాశారు. తండాలో కూడా అదే అన్నారు.

"నీ నాయన స్పీడుకే పోయిండు. నువ్వు గూడ అదే స్పీడు కొనుక్కొని తెచ్చుకున్నవా? ఆ కారు అమ్మినంకనే ఈ ఇంటికి రా" అంది సక్రి.

హేమలత ఒక్కసారి ఆ ఫోటో వైపు చూసింది. సంచి తీసుకుని బయటికి నడిచింది. ఎర్ర కారు చప్పుడు లేకుండా, తండా వీధిలో కోడిపిల్లలు పక్కకు తప్పుకునేదాకా ఆగి, మెల్లగా వెళ్లిపోయింది.

మూడు వారాలు గడిచాయి. బిడ్డ ఫోను చేసి తిన్నావా అని అడిగేది, తిన్నానని సక్రి చెప్పేది, అంతే! అంగన్‌వాడీలో ఆయమ్మగా పిల్లలకు అన్నం పెడుతూ, పెట్టినవాళ్లకే మళ్లీ పెట్టేది. పెళ్లి సంబంధం పోతుందనే బెంగ ఒకవైపు. దాన్ని మించిన బరువు ఇంకొకటి ఆమె గుండెలో తొమ్మిదేళ్లుగా ఉంది. అది ఎవరికీ చెప్పలేదు... చివరికి తమ్ముడు లాలుకు కూడా!

లాలు కారేపల్లిలో ట్రాక్టర్ మెకానిక్. హేమలతకు పానాలు పట్టుకోవడం నేర్పినవాడు అతనే. ఒకరోజు వచ్చి అక్క పక్కన కూర్చుని, ఆ కారును అమ్మమని చెప్పే ముందు ఒక్కసారి పోయి, బిడ్డ దాన్ని ఎట్ల చూసుకుంటుందో కళ్లతో చూసి రమ్మన్నాడు. వాదించలేదు. అంతే చెప్పి లేచిపోయాడు.

ఆదివారం పొద్దున్నే సక్రి బస్సెక్కింది. కొత్తగూడెంలో బస్సు మారి, పామాయిల్ తోటలు మొదలయ్యేసరికి పది దాటింది. మిల్లు క్వార్టర్ల వెనక రేకుల షెడ్డులో ఎర్ర కారు నాలుగు స్టాండ్ల మీద లేచి ఉంది. చక్రాలు తీసి గోడకు ఆనించి ఉన్నాయి. దాని పక్కన నేల మీద, చేతులకు నల్లటి గ్రీజుతో, నూలు గుడ్డతో ఒక్కో బోల్టు తుడుస్తూ హేమలత!

తల్లిని చూసి లేచి నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సక్రి మాత్రం ముఖం గట్టిగానే పెట్టుకుని, ఒక పీట లాక్కుని కూర్చుంది. నీ పని నువ్వు చేసుకో అంది.

ఆ గంటలో సక్రి చూసింది... చక్రాల బోల్టులు ఎంత బిగువుగా ఉండాలో లెక్క చెప్పే పొడవాటి పానా ఒకటి, ఒక్కో టైరులో గాలి ఎంతుందో చూసే మీటరు ఒకటి. పాత బ్రేకు ప్యాడ్లను వెలుతురుకు పట్టి ఎంత అరిగాయో చూసి, ఇంకా సగం మిగిలి ఉన్నా పక్కన పడేసి కొత్తవి బిగించింది. ఇంజిన్ ఆయిలు మామూలు కార్లలో ఏడాదికి మారిస్తే తాను ట్రాక్‌కు పోయి వచ్చిన ప్రతిసారీ మారుస్తానని చెప్పింది. చూడ్డానికి బజారులో తిరిగే చిన్న కార్ల లాంటిదే అది. వెనక తలుపెత్తితే కూరగాయల సంచులు పట్టేంత డిక్కీ. కాని లోపలి టర్బో ఇంజినుది దాని ఒంటికి మించిన బలం! ఆ బలాన్ని బిడ్డ ఎంత ఒద్దికగా పట్టుకుని ఉందో చూస్తుంటే, తనకు తెలియకుండానే సక్రి పీట ముందుకు జరుపుకుంది.

ఒకచోట హేమలత ఆగింది. బ్రేకు ఆయిలు మార్చడానికి ఇద్దరు కావాలి. సాయం చేసే తోటి ఇంజినీరు ఊరికి పోయాడు. కాసేపు తటపటాయించి, "యాడీ... జర లోపల కూసొని బ్రేక్ తొక్కుతవా?" అంది. కష్టం వచ్చినా ఇష్టం వచ్చినా తల్లిని లంబాడీలోనే పిలుస్తుంది ఆ పిల్ల.

సక్రి చెప్పులు విడిచి స్టీరింగ్ ముందు కూర్చుంది. జీవితంలో మొదటిసారి! వెనక చక్రం విప్పిన చోట కూర్చుని హేమలత కేకేసింది. తొక్కమంటే తొక్కింది. పట్టి ఉంచమంటే పట్టి ఉంచింది. పెడలు అరికాలి కింద రాయిలా గట్టిగా ఉంది. అప్పుడు బిడ్డ ఏదో నట్టు వదులు చేసింది... అంతే! ఆ రాయి మెత్తబడి, కాలితో పాటు నేల దాకా దిగిపోయింది!

సక్రి కేక పెట్టింది. "బిడ్డా, కిందికి పోయింది. ఏం లేదు కింద... ఏం లేదు."

హేమలత నట్టు బిగించి లేచి వచ్చింది. కారు తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని తల్లి కాలిని పెడలు మీది నుంచి మెల్లగా తీసింది.

"నాయనకు గూడ ఇట్లనే పోయింది యాడీ" అంది.

పదిహేడేళ్ల వయసులో, తండ్రి పోయిన మూడో రోజున, లాలు మామతో కలిసి పోలీస్ స్టేషన్ ఆవరణలో పడి ఉన్న ఆ జీపును చూసి వచ్చింది హేమలత. లాలు బ్రేకు ఆయిలు డబ్బా మూత తీస్తే లోపల నల్లగా, డికాక్షన్ లాగా ఉంది. ఏళ్ల తరబడి ఎవరూ మార్చలేదు. పాతబడిన ఆయిల్లో నీళ్లు చేరతాయి, దిగుడులో బ్రేకులు వేడెక్కితే ఆ నీళ్లు మరిగి ఆవిరవుతాయి, పెడలు తొక్కితే గాలిని తొక్కినట్టే ఉంటుంది... ఈ మాటలన్నీ ఆమె విడమరచి చెప్పింది.

"జీపు రెండో గేరుల ఉన్నది. నేను చూసిన. రెండో గేరుల ఎవరన్న స్పీడు పోతరా? బ్రేక్ పడకపోతే గేరు తగ్గించి ఆపాలని చూసిండు నాయన. లోయ దిక్కు పోనియ్యకుండ గుట్టకు తిప్పిండు. స్పీడుకు పోలే యాడీ."

సక్రి రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. తర్వాత ఆమె నోటి నుంచి వచ్చింది మాట కాదు, తొమ్మిదేళ్లుగా లోపల దాచుకున్న ఏడుపు!

"నేనే ఫోన్ చేసిన బిడ్డా... కోడి కూర చల్లారుతున్నది, జల్దీ రా అన్న. నేను జల్దీ రమ్మంటేనే పోయిండనుకున్న... ఇన్నేండ్లు."

తల్లి స్పీడు అంటే ఎందుకు వణికిపోతుందో, రోడ్డు మీద ఏ బండి జోరుగా పోయినా కళ్లెందుకు మూసుకుంటుందో ఆ క్షణంలో హేమలతకు అర్థమైంది. గుర్తు చేస్తే బాధపడుతుందని తనూ మామా ఆ జీపు సంగతి దాచారు. ఆ దాపరికం కింద తల్లి ఒక్కతే, చేయని నేరాన్ని మోస్తూ కూర్చుంది... గ్రీజు చేతులతోనే తల్లిని పొదువుకుంది. ఇద్దరూ ఏడ్చారు. షెడ్డులో ఎండ పక్కకు జరిగేదాకా ఏడ్చారు.

ముందుగా కళ్లు తుడుచుకున్నది సక్రే. మరి ఇదంతా తెలిసీ ట్రాక్‌కు ఎందుకు పోతున్నావని అడిగింది. హేమలత దాచలేదు. బండి ఎక్కడ అదుపు తప్పుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలుసుకుంటే భయం పోతుందని మొదటిసారి పోయిందట.

"భయం పోయింది. ఇష్టం మిగిలింది. స్పీడు నాకు ఇష్టమే యాడీ, నీకు ఇగ అబద్ధం చెప్ప."

సక్రి ఆ ముఖంలోకి చూసింది. రామ్‌సింగ్ నుదురే, అదే మొండితనం... చెంగుతో ముఖం తుడుచుకుని, ఇంకా మూడు చక్రాలు ఉన్నాయి కదా, కానీయమంది. బిడ్డ తొక్కమన్నప్పుడల్లా తొక్కింది. పాత ఆయిలు పోయి సీసాలోకి తేనె రంగు ఆయిలు వచ్చేదాకా తొక్కుతూనే ఉంది.

ఇంటికి చేరగానే సక్రి పెళ్లికొడుకు వాళ్లకు ఫోను చేసింది. కారు అమ్మడం లేదని, మా బిడ్డ చేసే పనిలో తల దించుకునేది ఏదీ నాకు కనబడలేదని, ఆ కారుతో పాటే పిల్ల ఇష్టమైతే చెప్పమని నిదానంగా అంది. అటువైపు సరే, ఆలోచిస్తామన్నారు. మళ్లీ ఫోను రాలేదు. నెల దాటాక శ్రీధర్‌కు వేరే చోట కుదిరిందని తెలిసింది. సక్రికి కాస్త కలుక్కుమంది, మంచి పిల్లవాడే... కాని ఆ మాట అన్నందుకు ఒక్క పూటైనా పశ్చాత్తాపపడలేదు.

జనవరిలో హేమలత చెన్నై బయలుదేరింది. పక్క సీట్లో సక్రి, వెనక నాలుగు స్పేర్ టైర్లు, జొన్న రొట్టెల మూట. దారి పొడవునా కారు ఎంత నెమ్మదిగా నడిచిందంటే, లారీలు కూడా దాటిపోయాయి. రోడ్డు మీద మనుషులుంటారు, పశువులుంటాయి, జోరు ఇక్కడ కాదు అంది హేమలత.

ట్రాక్ దగ్గర ఎన్ని కార్లో! పొడుగువి, వెడల్పువి, నేలకు ఆనుకుని పులుల్లా గుర్రుమనేవి. వాటి మధ్య బిడ్డ కారు చిన్న ఎర్ర పురుగులా ఉంది. కాని జెండా ఊపగానే ఆ పురుగు లేచింది! మలుపు వచ్చేసరికి పెద్ద కార్లు ముందే బెదిరి నెమ్మదించేవి. ఎర్ర కారు మాత్రం ఆఖరి దాకా పోయి, ఒక్కసారి ముక్కు వంచి, ఒడుపుగా లోపలికి జారి, అవతల తేలేది. రెండో చుట్టులో ఒకటి, మూడో చుట్టులో మరొకటి వెనకబడ్డాయి. సక్రి పక్కన కూర్చున్న తమిళావిడ అబ్బురపడి, ఎవరది అన్నట్టు సైగ చేసింది. సక్రికి ఆ భాష రాదు. తన గుండె మీద చేయి వేసుకుని చూపించింది.

మధ్యాహ్నం ఆఖరి విడతలో, అందరూ ఇంకా తిరుగుతుండగానే ఎర్ర కారు నెమ్మదించి లోపలికి వచ్చేసింది. స్టీరింగ్‌లో సన్నటి వణుకు తగిలిందట. చక్రం విప్పితే టైరు లోపలి వైపు చిన్న ఉబ్బు! ఇంకో రెండు చుట్లు తిరిగితే ఈ రోజుకు అందరికన్నా తక్కువ టైము నీదే అయ్యేదని తోటివాళ్లు జాలిపడ్డారు. హేమలత నవ్వి, ఇవాళ్టికి చాలంది. ఆ ఒక్క మాటకు సక్రి కళ్లు చెమర్చాయి. అంత జోరులో, అంత ఇష్టంలో, తనంతట తాను ఆగగలిగిన మనిషి తన బిడ్డ!

మర్నాడు తిరుగుదారిలో నెల్లూరు దాటాక చెట్టు నీడన కారు ఆపి రొట్టెలు విప్పారు. హేమలత తల్లి వైపు చూడకుండానే అడిగింది.

"భయమైందా యాడీ?"

"అయింది. నేను కూసున్న కాడికి ఒక మలుపు కనబడలే. నువ్వు అటు పోయినప్పుడల్లా మల్ల బయటికి వచ్చేదాక ఊపిరి పట్టుకున్న."

హేమలత చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. "ఇగ రావా మరి?"

సక్రి ఇంకో రొట్టె తీసి, పచ్చడి పూసి, మడిచి బిడ్డ చేతిలో పెట్టింది.

"వస్త. ఈసారి ఆ మలుపు కాడ కూసుంట."