చెరువులో పడ్డ దేవుడి గొంతు

"రేపు సాయంత్రానికి ఆ ముసలాయన బతికుండాలి. అంతే నీ మిషన్," అన్నాడు ఫణిభూషణ్.

యాప్రాల్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డు తగిలించిన ఫ్లాట్ అది. లోపల నడిచేది మాత్రం ఇంటెలిజెన్స్ వింగ్. ఫణిభూషణ్ దాని చీఫ్. ఎదుట నిలబడ్డ ఏజెంట్ మల్లేష్, శామీర్‌పేట చెరువులో వల విసురుతూ పెరిగినవాడు.

కథ సెరాన్ సామ్రాజ్యానిది. అక్కడి చక్రవర్తి సాక్షాత్తూ దేవుడట. పేరు పలకడం కూడా తప్పే, 'ఆయన' అంటారు. ఆయన కింద ఆర్దాన్, మౌరా అనే రెండు రాచకుటుంబాలు తరాలుగా ఒకరి నెత్తురు ఒకరు కళ్లజూస్తున్నాయి. వాళ్లు అలా కొట్టుకున్నంతకాలం ఆయన సింహాసనానికి ఢోకా లేదు.

"ఇద్దరు పెద్దలూ రేపు మీ చెరువు పక్క గెస్ట్‌హౌస్‌లో రాజీపడుతున్నారు. ఆయన మనుషులు పడనివ్వరని టిప్."

"ఎవరు సార్ గా మనుషులు?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తానయ్యా?"

ఆర్దాన్ పెద్ద ఓర్సాన్ దేశం వదిలి ఏడాదిగా ఆ గెస్ట్‌హౌస్‌లోనే తలదాచుకున్నాడు. మల్లేష్ అక్కడ తోటమాలి వేషంలో కాపలా. వంటమనిషి శంకరమ్మ పుణ్యమా అని ముసలాయనకు సర్వపిండీ అబ్బింది, తెలుగూ అబ్బింది. తండ్రిని చిన్నప్పుడే పోగొట్టుకున్న మల్లేష్‌కు ఈ తాత మీద ప్రాణం. డ్యూటీలో అలాంటివి కూడదని తెలుసు. తెలిసి చేసేదేముంది?

మర్నాడు పొద్దున్నే సెరాన్ దుబాసీ లియోరా కారు దిగింది. ఎర్ర గౌను, నల్ల కళ్లద్దాలు, వీధి చివరిదాకా సెంటు. లోపాయికారీగా వింగ్‌కు కబుర్లు మోసేదీ ఆమే.

"మేడ్చల్ బస్సు పోయిందా?" కోడ్ అడిగాడు మల్లేష్.

"పోయింది. ఎనక ఇంకోటి వస్తాంది," అంది నవ్వుతూ.

అతని చేతిలోని గడ్డి కత్తెరలో బాంబుల్ని పసిగట్టే సెన్సర్ ఉంది. వచ్చినవాళ్లందరి సామానూ దానితో తడిమాడు, లియోరా తెచ్చిన స్పీకరు తప్ప. మన మనిషి కదా!

మౌరా పెద్ద మిరోవా కారు గేటు దాటగానే ఓర్సాన్ మల్లేష్ వైపు తిరిగాడు.

"ఆమె నా తమ్ముణ్ణి సంపించింది. నేను ఆమె కొడుకును సంపించిన. ఇగ సాలు బిడ్డా."

"సాలు తాతా. పరేషాన్ గాకు."

ఇద్దరూ బల్లకు చెరోవైపు కూర్చున్నారు. లియోరా ఫోన్ కోసమని కారు వైపు కదిలింది. అప్పుడే చాయ్ తెచ్చిన శంకరమ్మ, "గింత మంచిపూట ఓ పాటన్న లేకపాయె," అంటూ బల్ల మీది స్పీకరు బటన్ నొక్కింది.

పాట రాలేదు. గంభీరమైన మగగొంతు వచ్చింది. అంతే, ఓర్సాన్, మిరోవా, వాళ్ల నౌకర్లు అందరూ నేలమీద బోర్లా పడ్డారు. చక్రవర్తి గొంతు వినిపిస్తే అది ఆగేదాకా వేలు కదపకూడదు. మధ్యలో తెగితే విన్న కుటుంబ పెద్దలు స్వదేశం వెళ్లి తలలు అప్పగించాలి. ఈ ఆచారం గురించి ఓర్సాన్ ఒకసారి చెబితే మల్లేష్ నవ్వేశాడు.

గుమ్మం దగ్గర లియోరా కూడా పడి ఉంది. ఏడుస్తోంది.

"ఏందిది?"

"కారెక్కాక నేనే మోగించాలనుకున్నా," పెదవులు కదిపీ కదపకుండా అంది. "ఆయన ఆశీర్వాదం అయిపోగానే పేలుతుంది."

"మరి లే! ఉరుకు!"

"ఎలా లేవను? ఆయన మాట్లాడుతున్నారు."

మల్లేష్ ఓర్సాన్ రెక్క పట్టి లాగాడు. ముసలాయన బల్లకోడును కావలించుకున్నాడు. స్పీకరులో గొంతు మెత్తబడింది. ఆశీర్వాదం మొదలైంది.

మల్లేష్ స్పీకరు ఎత్తుకుని వరండాలోకి పరుగెత్తాడు. వల విసిరినట్టు నడుం తిప్పి విసిరాడు. దేవుడి గొంతు గాల్లో దీవిస్తూ పోయి చెరువులో మునిగి మధ్యలోనే తెగింది. మరుక్షణం నీళ్లు తాటిచెట్టంత లేచాయి.

"సార్, చెరువుల పేలింది. అందరు బతికే ఉన్నరు," ఫోన్లో అరిచాడు.

"శభాష్!"

వెనక్కి తిరిగేసరికి ఓర్సాన్ లేచి నిలబడి ఉన్నాడు. మిరోవా చెయ్యి అతని చేతిలో ఉంది. వాళ్ల భాషలో ఏదో అనుకున్నారు. మల్లేష్ లియోరాకు బేడీలు వేశాడు. అయినా దుబాసీ అలవాటు పోక తెలుగులో చెప్పింది: "ఇద్దరూ ఒకే విమానంలో వెళ్తారట. తలలు అప్పగించడానికి."

మల్లేష్ ఓర్సాన్ కాళ్లు పట్టుకున్నాడు. "తాతా, గది బాంబు! దేవుడు గాదు!"

"ఎరికే బిడ్డా," ముసలాయన అతని తల నిమిరాడు. "గొంతైతే ఆయనదే గదా."

మల్లేష్ సిగ్గు విడిచి ఏడ్చాడు. శంకరమ్మ దారికని సర్వపిండి మూటగట్టింది.

సాయంత్రం విమానం ఎక్కేటప్పుడు ఓర్సాన్ బతికే ఉన్నాడు. ఆర్డర్ అంతవరకే కాబట్టి వింగ్ లెక్కలో మిషన్ సక్సెస్. మల్లేష్‌కు మెడల్ కూడా ఇచ్చారు.