కిటికీ పక్క పసుపు కుర్చీ

నిఘా డిపార్ట్‌మెంట్ పెద్దాయన బల్ల మీద మూడు ఫోటోలు పరిచాడు. మూడింట్లోనూ కిటికీ పక్కన ఒక పసుపు కుర్చీ ఉంది. కుర్చీలు వేరు, కిటికీలు వేరు. మొదటి రెండూ నెట్‌లోకి ఎక్కిన వారంలోపే ఇద్దరు సాక్షులు, డిపార్ట్‌మెంట్ దాచిన సేఫ్ హౌసుల్లోనే తుపాకీ దెబ్బకు పోయారు.

"మూడోదాన్ని నిన్న మళ్ళీ మార్చి ఎక్కించారు. అందులో ఇప్పుడున్నది మీ అక్కను దాచిన ఇంటి లొకేషన్," అన్నాడు.

ఏజెంటు ఫోటో వంక చూశాడు. మామూలు మనిషికైతే ఆ మాటకి గుండె జారిపోవాలి. అతనికి ఏమీ కాలేదు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని మొద్దు అంటారు. పనికి మొద్దు కాదు సుమా, పనిలో దిట్టే. ఎనిమిది నెలల క్రితం బావ పోయినప్పటినుంచీ మనిషికి ఏదీ తగలడం మానేసింది. కాఫీ వేడిగా ఉందో చల్లారిందో కప్పు ఖాళీ అయ్యాక కూడా చెప్పలేడు. ఏడుపు కూడా రాలేదు. రావాలని రెండు మూడుసార్లు కూర్చుని చూశాడు, లాభం లేకపోయింది.

బావ కూడా ఏజెంటే. అక్క పేము కుర్చీలు అల్లే కొట్టు పెట్టుకుంది. ఒకరోజు సరిహద్దు అవతలి ముఠా నాయకుడు కుర్చీ బాగుచేయించే నెపంతో అక్కడికి వచ్చాడు. బావతో నాలుగు నిమిషాలు మాట్లాడి, కాల్చి వెళ్ళిపోయాడు. వెనక గదిలో అల్లుతున్న అక్కకు పుట్టుకతోనే చూపు లేదు గానీ, చెవులు మాత్రం మహా చురుకు. ఆ గొంతు ఆవిడకు గుర్తుండిపోయింది. ఆ వేళకి కొట్టు దగ్గర కాపలా ఉండాల్సింది మొద్దే. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. అక్క ఇంతవరకూ ఒక్క మాట అనలేదు.

ఇప్పుడా నాయకుడు బోనులో ఉన్నాడు. సోమవారం పదకొండింటికి కోర్టులో అక్క "ఆ గొంతు ఇదే" అనాలి. అనకపోతే వాడు దర్జాగా బయటికి నడిచొస్తాడు.

పెద్దాయన చెప్పిన బ్రీఫింగ్ ఇంత. ముఠాకీ దాని కిరాయి హంతకుడికీ మధ్య ఫోన్ లేదు, ఉత్తరం లేదు, మనిషి లేడు. ఫోన్‌తో తీసిన ఫోటోలో ఎక్కడ తీశారన్న సంగతి ఫైలు లోపలే దాగి ఉంటుంది కదా, ముఠా దాన్నే వాడుకుంది. వాళ్ళ పరదాల కంపెనీ వెబ్‌సైట్‌లో ఒక ఫోటో పెడతారు. హంతకుడు సోమవారం ఉదయం ఎనిమిదింటికి 'కిటికీ పక్క పసుపు కుర్చీ' అని ఇమేజ్ సెర్చ్ చేస్తాడు. మొదట వచ్చిన ఫోటో తెరిచి, అందులోని చోటు చూసుకుని, అక్కడికి వెళ్తాడు. అక్కను ఇప్పటికే రెండుసార్లు ఇల్లు మార్చారు. రెండుసార్లూ ఫోటో కూడా మారింది, అంటే డిపార్ట్‌మెంట్ లోపలే ఎవడో ఇంటిదొంగ ఉన్నాడు.

"అందుకే ఈ సంగతి మనిద్దరికే తెలుసు. వాళ్ళ ఫోటోని నెట్‌లోంచి తీయించొద్దు, తీయిస్తే దారి మార్చేస్తారు. సెర్చ్‌లో మన ఫోటో దాని పైకి రావాలి. అందులో మనం వల పన్నిన ఇంటి చోటుండాలి. నాలుగు రోజులే టైముంది," అన్నాడు పెద్దాయన.

మొద్దు సరే అన్నాడు. మూడేళ్ళపాటు వెబ్ కంపెనీలో, సెర్చ్‌లో పైకొచ్చేలా ఫోటోలు చెక్కే ఉద్యోగిగా వేషం కట్టినవాడు, ఆ పని అతనికి కొట్టిన పిండి.

మధ్యాహ్నం పరదాల షోరూంకి వెళ్ళాడు. నల్ల కళ్ళద్దాలు, నెమలికంఠం రంగు గౌను వేసుకున్న ఒకావిడ ఎదురొచ్చింది. కోడ్‌నేమ్ నెమలి. ముఠాకి వెబ్‌సైట్ నడుపుతుంది, మనకి కబుర్లు అందిస్తుంది.

ఎండకి వెలవని పరదా ఉందా అని అడిగాడు. ఎండే రాని కిటికీకైతే ఉంది అందామె. కోడ్ కుదిరింది. పరదా మడతల చాటున వేలి ఉంగరం తీసి అతని చేతిలో పెట్టింది. రాయి కింద గోరంత మెమరీ కార్డు ఉంది, ముఠా ఫోటోల ఒరిజినల్స్ అన్నీ అందులో ఉన్నాయి.

సైటు మాత్రం ఘోరం. ఒక్కో ఫోటో ఎనిమిది ఎంబీ, పేజీ తెరుచుకునేసరికి తెల్లారుతుంది. ఫోటో వెనక దాచి రాసే వర్ణనలో, అంటే ఆల్ట్ టెక్స్ట్‌లో, 'పసుపు కుర్చీ' అని ముప్పైసార్లు కుక్కారు. సెర్చ్ ఇంజన్ దాన్ని చూస్తేనే మొహం చిట్లిస్తుంది. ఫోటో చిన్నది చేస్తానంటే ముఠావాళ్ళు ససేమిరా అన్నారని, ఎందుకో చెప్పలేదని నెమలి చెప్పింది. మొట్టికాయలు వేసే వాళ్ళు లేక అని మొద్దు కొట్టిపారేశాడు. అక్కడే అతని బుద్ధి గడ్డి తిన్నది.

కొత్త సైటు పెడితే నాలుగు రోజుల్లో దాన్ని ఎవరు నమ్ముతారు? పదేళ్ళ పాత సైటు కావాలి, నిజాయితీగా నడిచింది కావాలి. అలాంటిది అతనికి తెలిసినంతలో ఒకటే ఉంది, అక్క కొట్టుది. తనలాంటివాళ్ళు ఫోన్‌లో విని తెలుసుకోవాలని, ప్రతి ఫోటోకీ ఉన్నది ఉన్నట్టు వర్ణన రాయించడం ఆవిడ పట్టుదల.

మూతబడి ఉన్న కొట్టు తెరిచి, కిటికీ పక్కనున్న పసుపు కుర్చీని ఫోటో తీశాడు. బావ పోయిన రోజు అక్క అల్లుతూ వదిలేసిన కుర్చీ అది. ఎవరో దాని మీద దిండు వేశారు. సేఫ్ హౌస్‌లో ఉన్న అక్కకి ఫోన్ చేసి వర్ణన ఏం రాయమంటావని అడిగాడు.

"రాసుకో. కిటికీ పక్క పసుపు పేము కుర్చీ. వీపు అల్లాం, అడుగు అల్లలేదు. పైన దిండుంది గానీ కింద ఏమీ లేదు. కూర్చోవద్దు."

"అంత అవసరమా అక్కా?"

"చూపున్నవాళ్ళకి దిండు కనబడుతుంది. లేనివాళ్ళకి ఎవరు చెప్తార్రా?"

అలాగే రాశాడు, ఫోటో కింద కనబడేలా కూడా. ఫైలుకి కెమెరా పెట్టిన అంకెలు తీసేసి తగిన పేరు పెట్టాడు. లోపల వల ఇంటి చోటు రాశాడు. ఫోటో చుట్టూ నాలుగు వాక్యాలు జోడించాడు. చివర అలవాటు కొద్దీ ఫోటోని కుదించి, ఎనభై కేబీకి తెచ్చి ఎక్కించాడు. శనివారానికి సెర్చ్‌లో మూడో చోటుకి వచ్చింది. సోమవారం ఏడున్నరకి మొదటి చోట కూర్చుంది. ముఠా ఫోటో రెండో చోటుకి దిగింది. పెద్దాయన భుజం తట్టాడు. మొద్దుకి సంతోషం కూడా వేయలేదు.

ఎనిమిదిన్నర దాటింది. వల ఇంటి చుట్టూ, ఎందుకో తెలియకుండానే పదిమంది మాటు వేశారు, పురుగు కూడా రాలేదు. తొమ్మిదికి పది నిమిషాలుందనగా మొద్దు తను ఎక్కించిన ఫోటో తనే దించుకుని తెరిచాడు. లొకేషన్ దగ్గర ఖాళీ.

ఫోటోని కుదించే సాఫ్ట్‌వేర్ బరువు తగ్గించడానికి ముందు చెరిపేది అదే. వేల ఫోటోలు కుదించినవాడికి ఆ సంగతి తెలీదా? తెలుసు. ముఠా ఎనిమిది ఎంబీ ఎందుకు మోసిందో ఇప్పుడర్థమైంది.

పెద్దాయన అందర్నీ సేఫ్ హౌస్‌కి పరిగెత్తించాడు, వాడు రెండో ఫోటో పట్టుకుంటాడని. మొద్దు వెళ్ళలేదు. హంతకుడికిచ్చిన ఆర్డరు మొదటి ఫోటో. అందులో చోటు లేకపోతే ముందు ఆ పేజీలోనే వెతుకుతాడు. పేజీ అడుగున అక్క కొట్టు అడ్రసు పెద్దక్షరాల్లో ఉంది.

కొట్టు తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల కొరియర్ యూనిఫాం వేసుకున్న మనిషి నిలబడి ఉన్నాడు, చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్తోలు.

"చేతులెత్తు. ఆడమనిషి ఏది?"

తెలీదన్నాడు మొద్దు. భయం వేయలేదు. కాలిస్తే కాలుస్తాడు అనుకున్నాడు, అంతే. వాడు ఎడం చేత్తో ఫోన్ తీసి రెండో ఫోటో నొక్కాడు. ఎనిమిది ఎంబీ. ఆ కొట్టులో సిగ్నల్ అంతంతమాత్రం. ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. వాడు గురి తప్పకుండా నిలబడి నిలబడి విసిగిపోయాడు. ఫోటో దిగింది. లొకేషన్ మీద వేలు పెట్టాడు.

"ఆ, దొరికింది," అంటూ వెనక్కి జరిగి, కిటికీ పక్కనున్న పసుపు కుర్చీలో కూలబడ్డాడు.

దిండుతో సహా కిందికి దిగిపోయాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. తూటా పైకప్పులోకి పోయింది. మొద్దు పిస్తోలు లాక్కుని, కుర్చీతో సహా వాణ్ణి కట్టేశాడు. ముఠా పాటించిన జాగ్రత్త ఇంటిదొంగ పాటించలేదు, అతని పేరు హంతకుడి ఫోన్‌లోనే దొరికింది.

పదకొండింటికి అక్క బోనులోని గొంతు విని, "ఇదే," అంది. ఇంకో మాట అక్కర్లేకపోయింది.

బయట వరండాలో మొద్దు జరిగిందంతా చెప్పాడు, తను చేసిన తప్పుతో సహా. అక్క అతని చెయ్యి వెతికి పట్టుకుంది.

"ఈసారి వేళకే వెళ్ళావుగా," అంది.

అతను రెండో చేతిలోని కాఫీ గుటక వేశాడు. నాలుక కాలింది. ఎనిమిది నెలల్లో అది మొదటిసారి.

కుర్చీ విరిగిందా అని అక్క అడిగింది. లేదు, వాణ్ణి ఊడబెరకడానికే ముగ్గురు కావాల్సొచ్చింది అన్నాడు.

"కూర్చోవద్దని రాయించానుగా," అంది అక్క. "కళ్ళున్నవాళ్ళతో ఇదేరా చిక్కు, ఒక్కడూ చదివి చావడు."